సమస్యాపూరణం: "వెఱ్ఱివాఁడె సభను విజ్ఞుఁ డయ్యె"

నిర్వాహకుడు: ఈ వారం సమస్య ఆటవెలది నాలుగవ పాదం. షేక్స్‌పియర్ 'హామ్లెట్'లో గానీ, దానికి మూలమైన డెన్మార్క్ గాథలో గానీ కనిపించే దొంగ పిచ్చిని వస్తువుగా తీసుకొని పూరించండి. వెర్రికీ విజ్ఞతకూ ఉన్న విరోధం పరిహారం కావాలి. 'సభ' అన్న మాటకు పద్యంలో పని కల్పించకపోతే పూరణ సగమే అవుతుంది.

పూరణ 1

తండ్రి యాత్మ పలుకఁ దనయుండు హామ్లెట్టు
వెఱ్ఱి ముసుఁగు దాల్చి వేచి చూచె;
నాటకమున రాజు నడవడిఁ గనిపెట్టె;
వెఱ్ఱివాఁడె సభను విజ్ఞుఁ డయ్యె.

నిర్వాహకుడు: గణయతులు నిర్దోషంగా ఉన్నాయి, ధార బాగుంది. అయితే హామ్లెట్ తండ్రిని చంపిన పినతండ్రి క్లాడియస్ నేరం బయటపడింది ఎల్సినోర్ కోటలో ఆడించిన నాటకం వల్లనే గానీ వెర్రి వల్ల కాదు. మీ మూడవ పాదానికి రెండవ పాదంతో అవసరం లేకపోయింది. ముసుగు తీసేసినా కథ అలాగే నడుస్తుంది. ఈ చిక్కు మీది మాత్రమే కాదు, నాటకంలోనే ఉంది.

పూరణ 2

అగ్గి చెంతఁ జేరి యామ్లెతుఁ డనువాఁడు
కొయ్య కొక్కెములను చెక్కుచుండె;
నవ్వి రెల్లవారు; నగరు దగ్ధం బయ్యె;
వెఱ్ఱివాఁడె సభను విజ్ఞుఁ డయ్యె.

నిర్వాహకుడు: అమ్మా, మూలానికి వెళ్ళడం మంచి ఆలోచన. రెండవ పాదంలో యతి తప్పింది: 'కొ'కూ 'చె'కూ మైత్రి లేదు, ప్రాసయతీ కుదరలేదు. "కొయ్య కొక్కెములకుఁ గొనలు దీర్చె" అనండి. కథకు కూడా ఇదే దగ్గర. 1200 ప్రాంతంలో డెన్మార్క్ చరిత్రకారుడు సాక్సో గ్రమాటికస్ లాటిన్‌లో రాసిన గాథలో ఆమ్లెత్ (హామ్లెట్‌కు మూలమైన పాత్ర) పొయ్యి పక్కన బూడిదలో కూర్చొని, కొయ్య కొక్కేలు చేసి, వాటి మొనలను నిప్పులో కాల్చి గట్టిపరుస్తూ ఉంటాడు. ఎందుకని అడిగితే తండ్రి పగ తీర్చడానికి ఈటెలు చేస్తున్నానని నిజమే చెబుతాడు, అందరూ నవ్వుతారు. చివరికి తాగి పడిపోయిన సభాసదులపై తెరలు దించి, వాటిని ఆ కొక్కేలతోనే బిగించి, నగరుకు నిప్పు పెడతాడు. ఆ తరువాత ప్రజలను సమావేశపరచి, చేసిన పనికి కారణం చెప్పి, రాజవుతాడు. కాబట్టి 'సభ'కు ఇంతకంటే పని దొరకదు.

పూరకురాలు: ధన్యవాదాలు గురువుగారూ, సవరించుకుంటాను. సాక్సో గాథలో తండ్రి హత్య అందరికీ తెలిసిందే కనుక, పగ తీర్చుకోగల కొడుకు బతకాలంటే వెర్రివాడిలా కనబడక తప్పదు. షేక్స్‌పియర్ ఆ హత్యను రహస్యం చేశాడు. రాకుమారుణ్ణి అనుమానించేవాడే లేనప్పుడు ఈ వేషం దేనికి?

నిర్వాహకుడు: సరైన ప్రశ్న. వేషం వేసిన తరువాతే అనుమానం మొదలవుతుంది. విప్పిన గుండీలతో, టోపీ లేకుండా, చీలమండల దాకా జారిన మేజోళ్ళతో హామ్లెట్ వచ్చి తన మణికట్టు పట్టుకొన్నాడని ఒఫీలియా తండ్రికి చెబుతుంది. అది ఆమె మీది ప్రేమ పిచ్చి అని ఆ తండ్రి, మంత్రి పొలోనియస్ తేల్చేస్తాడు; క్లాడియస్ మాత్రం నమ్మక, గూఢచారులను పెట్టి, చివరికి ఇంగ్లండుకు పంపిస్తాడు. సాక్సోలో డాలుగా పనిచేసిన వెర్రి ఇక్కడ చాటింపు అయింది.

పూరణ 3

మాట వెఱ్ఱి యైన మర్మంబు గలదంచుఁ
దలఁచె మంత్రి; తెరలఁ దాఁగి చచ్చె;
కడలి దాఁటి వచ్చి కపటమ్ము వీడిన
వెఱ్ఱివాఁడె సభను విజ్ఞుఁ డయ్యె.

నిర్వాహకుడు: మొదటి రెండు పాదాలలో పొలోనియస్ కథంతా ఇమిడింది, అభినందనలు. 'వీడిన' అన్న చోటనే పేచీ. ఐదవ అంకంలో వెర్రి చేష్టలు లేని మాట నిజమే గానీ, కత్తిపోటీకి ముందు నిండు సభలో, తాను చంపిన పొలోనియస్ కొడుకు లేర్టీస్‌ను హామ్లెట్ క్షమాపణ కోరేటప్పుడు, నీకు అపకారం చేసింది నేను కాదు, నా పిచ్చి అంటాడు. ముసుగు వీడినవాడు దాన్నే సాక్ష్యానికి పిలిచాడన్నమాట.

పూరకుడు: ఒప్పుకుంటున్నాను. ఆ మాట వింటున్న లేర్టీస్‌కు చెల్లెలైన ఒఫీలియా అప్పటికే నిజంగా మతి చలించి, పూలు పంచి, నీట మునిగింది. 'వెఱ్ఱివాఁడె' అన్న సమస్యలో ఆమెకు చోటు లేకపోవడం నాకు వెలితిగా తోచింది.

మొదటి పూరకుడు: గురువర్యా, మీరు చూపిన దోషానికి మూడవ పాదం మార్చాను.

తండ్రి యాత్మ పలుకఁ దనయుండు హామ్లెట్టు
వెఱ్ఱి ముసుఁగు దాల్చి వేచి చూచె;
నున్న మాట యనిన నూరకుందురు గాన
వెఱ్ఱివాఁడె సభను విజ్ఞుఁ డయ్యె.

నిర్వాహకుడు: ఇప్పుడు వెర్రికి పని దొరికింది. మంత్రిని చేపలమ్మేవాడివన్నా, రాజును మొహం మీదే "అమ్మా, సెలవు" అన్నా, ఎవరూ నోరెత్తలేదు. 'యనిన నూరకుందురు'లో ఉ–ఊ స్వరయతి చక్కగా కుదిరింది.