శకుంతల కాలిలో ముల్లు నిజంగా గుచ్చుకుందా?

మల్లేశ్వరం కోడలు:
మా అత్తగారింటి హాల్లో రవివర్మ ప్రెస్ పటం ఒకటి ఉంది. శకుంతల సఖి భుజం మీద చెయ్యి ఆనించి, కాలెత్తి ముల్లు తీసుకుంటున్నట్టు వంగి, వెనక్కి తిరిగి చూస్తుంటుంది. మొన్న బెంగళూరు కుమారకృపా రోడ్డులో చిత్రసంతె, అదే బొమ్మల సంత, చూసి వచ్చినప్పటి నుంచి ఇంట్లో దీని మీదే వాదన. ముల్లు ఒక వంక, అంతా ఆ చూపులోనే ఉందంటారు మావారు. నాకు మాత్రం ఆ ముల్లు ఆమెకు రాబోయే బాధకు గుర్తుగా కనిపిస్తుంది. రేపు ఆ రాజు ఆమెను మరిచిపోతాడు కదా! మీరేమంటారు?

జయనగర్ మాస్టారు:
వంకేనమ్మా. కాళిదాసు శాకుంతల నాటకం మొదటి అంకం చివర దర్భమొన గుచ్చుకుందనీ, నారచీర కొమ్మకు తగులుకుందనీ శకుంతల ఆగుతుంది. అక్కడ 'సవ్యాజం' అని రాశాడు కాళిదాసు. వంక పెట్టి అని అర్థం. రెండో అంకంలో దుష్యంతుడు విదూషకుడితో చెప్పేదీ అదే. చీర తగులుకోకపోయినా విడిపించుకుంటున్నట్టు నిలబడిందంటాడు. ఇక బాధ ఎక్కడుంది?

రాతి అచ్చు అభిమాని, బసవనగుడి:
మాస్టారూ, మీరు నాటకాన్ని చదువుతున్నారు. ఆవిడ అడిగింది పటం గురించి. పటంలో శకుంతల కట్టుకున్నది నారచీర కాదు, మామూలు చీర. కాళిదాసు చెప్పిన రెండు వంకల్లో చిత్రకారుడు కాలినే ఉంచుకున్నాడు. దుష్యంతుణ్ణి అసలు గీయలేదు. ఆమె ఎవరి కోసం చూస్తోందో చూసేవాళ్ళే ఊహించుకోవాలి. ఆ ఖాళీ నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది.

ఇంకో మాట. 1894లో బొంబాయిలో మొదలైన ఆ ప్రెస్ తొలి అచ్చు కూడా 'శకుంతల జననం'. రంగుల అచ్చంటే ఒక్కో రంగుకు ఒక్కో రాయి. తైలవర్ణ చిత్రాన్ని చూసి పనివాళ్ళు ఆ రాళ్ళ మీద మళ్ళీ గీసేవాళ్ళు. అంటే మీ ఇంటి పటంలో కళ్ళు రవివర్మ చేతివి కావు. కనుపాపలో ప్రేమ ఉందా, భయం ఉందా అని తేల్చడం కష్టం. కానీ భంగిమ అచ్చులో చెరిగిపోదు. ఒంటికాలి మీద నిలబడి, బరువంతా సఖి మీద వేసి, మెడ మాత్రం అటు తిప్పింది. నిలకడ లేని ఆ నిలుపులోనే ఆమె మనసు తెలుస్తుందని నా నమ్మకం.

జయనగర్ మాస్టారు:
నారచీర సంగతి నాకు తట్టలేదు. ఒప్పుకుంటున్నాను. ముల్లు వంకే అన్న మాట మాత్రం వదలను.

మల్లేశ్వరం కోడలు:
నిన్న రాత్రి పటం కిందికి దించి, భూతద్దం పెట్టి చూశాం. పాదం దగ్గర ముల్లు ఎక్కడా కనబడలేదు. మావారు గెలిచానన్నారు. నేను ఒప్పుకోలేదు. ఆ క్షణాన శకుంతలకు అది వంకే కావచ్చు, ఆమెకు కథ తెలియదు. ఈ పటాన్ని గోడకు తగిలించుకున్న మా అత్తగారికి తెలుసు. ఆవిడ ఈ పటం తుడిచేటప్పుడల్లా 'పిచ్చిపిల్ల' అంటుంటారు.