ఆరు నిమిషాల పరీక్షకు రెండు గంటల నిరీక్షణ: ఎక్కడ సరిదిద్దాలి?

ప్రశ్న (క్లినిక్ నిర్వాహకురాలు):
మాది ఒక డాక్టరు, ఇద్దరు నర్సులు, ఒక ఫార్మసిస్టు, ఒక రిజిస్ట్రేషన్ గుమాస్తా ఉన్న చిన్న సామాజిక ఆరోగ్య కేంద్రం. ఉదయం తలుపులు తీసేసరికే ఇరవై మంది బయట నిలబడి ఉంటారు. మధ్యాహ్నం రెండు దాటితే వరండా బోసిపోతుంది. డాక్టరు గారు ఒక్కొక్కరిని సగటున ఆరు నిమిషాలు చూస్తారు, అందుకోసం రోగి దాదాపు రెండు గంటలు కూర్చోవలసి వస్తోంది. మరో డాక్టరును నియమించే స్తోమత మాకు లేదు. ఉన్న సిబ్బందితోనే ముందుగా ఏ పని చేపట్టాలో అనుభవం ఉన్నవారు దయచేసి తెలియజేయండి.

సమాధానం 1 (నర్సు):
ముందు కొలవండి, ఆ తరువాతే మార్చండి. ప్రతి రోగి చేతికి ఒక చీటీ ఇచ్చి, రిజిస్ట్రేషన్, బీపీ–బరువు, డాక్టరు గది, మందుల కిటికీ వద్ద చేరిన వేళ, వదిలిన వేళ రాయించండి. ఇది అదనపు పని అని సిబ్బంది సణుగుతారు, మేమూ సణిగాం. అయితే రెండు వారాలు చాలు. మేం చూసినప్పుడు డాక్టరు గారు ఖాళీగా కూర్చున్న సమయమే మమ్మల్ని ఆశ్చర్యపరిచింది. గదిలోకి వచ్చిన రోగి పాత ఫైలు దొరకక, గుమాస్తా అలమరలో వెతుకుతూ ఉండేవారు. మరుసటి రోజు రావలసినవారి ఫైళ్లు ముందు సాయంత్రమే తీసి వరుసలో పెట్టడంతో ఆ జాప్యం చాలావరకు పోయింది.

సమాధానం 2 (ఆసుపత్రి పాలనా విభాగంలో పనిచేసినవారు):
జాన్ లిటిల్ 1961లో నిరూపించిన సూత్రం ప్రకారం, లోపల ఉన్నవారి సగటు సంఖ్య అనేది గంటకు వచ్చేవారి సంఖ్యను ఒక్కొక్కరు గడిపే సమయంతో గుణించగా వచ్చేదే. గంటకు పది మంది చొప్పున వచ్చి వెళుతుంటే, లోపల ఎప్పుడూ ఇరవై మంది కనిపిస్తున్నారంటే, ఒక్కొక్కరికి రెండు గంటలు పట్టక తప్పదు. కాబట్టి కుర్చీలు పెంచినందువల్ల ప్రయోజనం లేదు, రాకను రోజంతా పరచాలి.

అలాగని డాక్టరు సమయాన్ని నూటికి నూరు శాతం నింపాలనుకోవడం పొరపాటు. రాకలు అస్తవ్యస్తంగా ఉండి, పరీక్షా సమయమూ మనిషి మనిషికీ మారే వరుసలో, ఆరు నిమిషాల పరీక్షకు డాక్టరు 80 శాతం తీరిక లేకుండా ఉంటే సగటు నిరీక్షణ సుమారు 24 నిమిషాలు, 90 శాతమైతే 54 నిమిషాలు అవుతుంది. అపాయింట్‌మెంట్ల విషయంలో వెల్చ్, బెయిలీ 1952లోనే చెప్పిన పద్ధతి నేటికీ పనికివస్తుంది: మొదటి వేళకు ఇద్దరిని, ఆ తరువాత సగటు పరీక్షా సమయానికి ఒక్కొక్కరిని చొప్పున పిలవాలి. అప్పటికప్పుడు జ్వరంతో వచ్చేవారికి కొన్ని వేళలు ఖాళీగా ఉంచండి. అత్యవసరంగా వచ్చినవారికి వరుస వర్తించదని వేరే చెప్పనక్కరలేదు.

సమాధానం 3 (ఫార్మసిస్టు):
బీపీ, మధుమేహం అదుపులో ఉన్న రోగులు కేవలం మందుల కోసమే నెలనెలా ఈ వరుసలో నిలబడుతున్నారేమో చూడండి. డాక్టరు గారు అంగీకరిస్తే వారికి రెండు మూడు నెలల మందులు ఒకేసారి ఇచ్చి, తదుపరి పరీక్ష మధ్యాహ్నం పెట్టవచ్చు. అందుకు నిల్వ తగినంత ఉండాలి. రోజువారీ సగటు వాడకాన్ని సరుకు రావడానికి పట్టే రోజులతో గుణించి, దానికి కొంత అదనపు నిల్వ కలపండి. అన్ని మాత్రలను వెనుక పెట్టి, వాటి ముందు అరలో ఒక ఎర్ర అట్టముక్క నిలబెడతాను. చేయి దానికి తగిలిందంటే ఆ రోజే ఆర్డరు వెళుతుంది. ముందుగా గడువు తీరేదాన్ని ముందువైపు పెట్టడం మరవకండి.

ప్రశ్న అడిగినవారు:
సోమవారం నుంచి చీటీలు మొదలుపెడతాం. అయితే, ఆలస్యమైతే చూడరేమోనన్న భయంతో తెల్లవారుజామునే వచ్చేవారిని మధ్యాహ్నానికి ఎలా ఒప్పించాలి?

సమాధానం 1 (నర్సు):
వేళ రాసిన టోకెన్ ఇవ్వండి, ఆ వేళకు తప్పకుండా లోపలికి పిలవండి. మా దగ్గర మొదటి వారం ఎవరూ నమ్మలేదు. మూడు గంటల టోకెన్ తీసుకున్న ఒక పెద్దాయన మూడుంపావుకల్లా మందులతో బయటకు రావడం చూశాకే మిగతావారు మధ్యాహ్నం టోకెన్లు అడగసాగారు.