కాలవగట్టు చెట్లు కొట్టాలా, ఉంచాలా? అసలు గొడవ డ్రెయిన్ గీత దగ్గర

చర్చాంశం: డెల్టా పట్టణాల్లో కాలవగట్టు రోడ్లను 5.5 మీటర్ల నుంచి 7 మీటర్లకు పెంచుతూ, పక్కనున్న పాత నిద్రగన్నేరు, రావి, కానుగ చెట్లకు ఎర్ర రంగు గుర్తులు వేస్తున్నారు. కొట్టొద్దని కాలనీల వాళ్లు సంతకాలు సేకరిస్తున్నారు. వాళ్ల వాదన నిలుస్తుందా?

గట్టుమీదోడు
నిలుస్తుంది. అయితే సంతకాల కాగితంలో "చల్లని నీడ, పక్షుల గూళ్లు" అని రాస్తే నిలవదు. లెక్క చూడండి. రోడ్డు పెరిగేది మొత్తం మీటరున్నర, అంటే అటు ముప్పావు, ఇటు ముప్పావు. చాలా చోట్ల మాను అడ్డొచ్చేది ఆ ముప్పావు మీటరుకు కాదు, దాని పక్కన తవ్వే కాంక్రీటు డ్రెయిన్‌కి. డ్రాయింగులో డ్రెయిన్ గీత స్కేలు పెట్టి తిన్నగా గీస్తారు. ఆ గీత మీదికి ఏ చెట్టొస్తే దానికి రంగు. రోడ్డుకు నడుమ ఎత్తు పెట్టి రెండు వైపులా వాలు ఇస్తేనే రెండు డ్రెయిన్లు కావాలి. ఊరి వైపుకే ఏకవాలు ఇస్తే ఒక్క డ్రెయిన్ చాలు, కాలవ వైపు వరస మొత్తం బతుకుతుంది. టెండరు పిలవకముందు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇది.

పాత లస్కరు
రోడ్డు సంగతి మాట్లాడుతున్నారు, గట్టు సంగతి ఎవరూ ఎత్తడం లేదు. గట్టు మీద పెద్ద మాను ఉండటమే తప్పు. తుపాన్లు వచ్చేది అక్టోబరు, నవంబరుల్లో. అప్పటికి వానలకు గట్టు నాని మెత్తబడి ఉంటుంది. మన దగ్గర నీటిమట్టం పైనే ఉంటుంది కాబట్టి వేళ్లు లోతుకు దిగవు, చాపలా పరుచుకుంటాయి. చెట్టు కూలితే ఆ చాప గట్టులో సగాన్ని పెళ్లగించుకుని లేస్తుంది. 1996 నవంబరు తుపాను కోనసీమ కొబ్బరి తోటల్ని ఏం చేసిందో మరిచిపోయారా? కాలవ నిండుగా ఉన్న రోజున అలా జరిగితే అది గండేనండీ, చేలన్నీ ముంపే.

గట్టుమీదోడు
కాదనను. మరి కొట్టాక సంగతేమిటి? మాను కోసి మోడు వదిలేస్తే రెండు మూడేళ్లలో వేళ్లు కుళ్లి గట్టులో గొట్టాల్లా ఖాళీలు మిగులుతాయి. నీరు వాటి వెంట ఊరి బుంగ పడుతుంది. కొట్టక తప్పని చెట్టునైనా వేసవిలో కాలవకు నీళ్లు ఆపి కట్టేసినప్పుడే తీయాలి. వేరుగడ్డ మొత్తం పెకలించి, ఆ గుంటను బంకమట్టితో ఒక్కో పొర 15-20 సెంటీమీటర్ల చొప్పున నింపుతూ, తడిపి దిమ్మిస కొట్టాలి. ఎస్టిమేటులో ఆ పనికి పద్దు ఉందా? కోతకూలీ, కలప వేలం పద్దులు మాత్రమే ఉంటే అది గట్టు భద్రత కోసం కొట్టడం కాదు.

కొబ్బరాకు
బడి పిల్లలు తిరిగే దారిలో ఎండుకొమ్మ విరిగిపడితే బాధ్యత ఎవరిది? తొర్రపడిన చెట్లనైనా తీయాలి కదా.

గట్టుమీదోడు
తొర్రపడిన ప్రతి చెట్టూ కూలదు. చుట్టూ మిగిలిన గట్టి చెక్క మందం, మాను వ్యాసార్ధంలో దాదాపు మూడో వంతు కంటే తగ్గితేనే భయం. మనిషి ఛాతీ ఎత్తులో చుట్టుకొలత 250 సెంటీమీటర్లు ఉందనుకోండి. వ్యాసార్ధం సుమారు 40. చుట్టూ 12-13 సెంటీమీటర్ల గట్టి చెక్క ఉంటే నిలుస్తుంది. చెక్క సుత్తితో చుట్టూ కొట్టి వింటే డొల్ల ఎక్కడుందో తెలుస్తుంది, అక్కడ సన్న డ్రిల్లుతో మందం చూస్తారు. తొర్ర ఒక పక్కకు తెరుచుకుని ఉంటే ఈ లెక్క చాలదు, ఇంకా జాగ్రత్త పడాలి. అంతకన్నా ప్రమాదకరమైన గుర్తులు మాను మొదట్లోనే కనిపిస్తాయి: వేళ్ల దగ్గర పలకల్లా లేచిన పుట్టగొడుగులు, ఒక పక్క నేలలో అర్ధచంద్రాకారపు పగులు, ఈ ఏడాది కొత్తగా వచ్చిన వాలు.

ఇంకోటి. కూలిన చెట్లలో చాలావాటిని ముందే మనమే చంపి ఉంటాం. పై లెక్కలోని చెట్టు వ్యాసం 80 సెంటీమీటర్లు. దానికి మూడు రెట్లు, అంటే 2.4 మీటర్ల లోపు కందకం తవ్వితే నిలబెట్టే వేళ్లే తెగుతాయి. చెట్టు బతకడానికి చాలినన్ని వేళ్లను కాపాడాలంటే పన్నెండు రెట్లు, 9.6 మీటర్లు వదలాలి. గట్టు మీద అంత చోటుండదు, ఒప్పుకుంటాను. కానీ జేసీబీ పన్ను మాను పక్కనే దిగితే ఆ వైపు పట్టు పోతుంది. ఆ వైపు నుంచి గాలి కొట్టిన రోజున చెట్టు రెండో వైపుకు, రోడ్డు మీదికి ఒరుగుతుంది. అప్పుడు పేపర్లో "ఈదురుగాలికి నేలకూలిన వృక్షం" అని వస్తుంది. కరెంటు తీగల కోసం ఒక్క పక్కే నరికి బోడి చేయడమూ ఇంతే. బోడి చేసిన చోట గుబురుగా లేచే కొత్త కొమ్మలకు పట్టు ఉండదు. పెద్ద కొమ్మ తీయాలంటే మానుకు రెండడుగుల దూరంలో ముందు కింద నుంచి కొంత కోయాలి, తర్వాత కాస్త అవతలగా పై నుంచి కోసి బరువు దించాలి. మిగిలిన మొట్టను ఆఖరున, కొమ్మ మొదట్లో ఉబ్బెత్తుగా ఉండే పట్టీకి తగలకుండా తీయాలి. కింద గాటు పెట్టకపోతే బరువుకు బెరడు మాను పొడవునా చీలి వస్తుంది.

కడియం తోట
తరలింపు మాట ఎవరో ఒకరు ఎత్తుతారు కాబట్టి ముందే చెబుతున్నా. మా వైపు నర్సరీల్లో పెద్ద చెట్లు లారీలెక్కుతున్నాయి కదా అంటారు. అవి మొదటి నుంచీ వేళ్లు కత్తిరిస్తూ పెంచినవి. రోడ్డు పక్క ముప్పై నలభై ఏళ్ల చెట్టు వేరు. నర్సరీ లెక్కన మట్టిగడ్డ మాను వ్యాసానికి పది రెట్లుండాలి. 80 సెంటీమీటర్ల మానుకు అది ఎనిమిది మీటర్లు, జరిగే పని కాదు. సరిపెట్టుకుని మూడు మీటర్ల వెడల్పు, మీటరు లోతు తీసినా ఏడు ఘనపు మీటర్ల తడిమట్టి, పన్నెండు టన్నుల పైమాట. మాను బరువు దీనికి అదనం. పైన 11 కేవీ లైను ఉంటే క్రేను చెయ్యి లేవదు.

చేసి తీరాలంటే మూడు నాలుగు నెలల ముందే సగం చుట్టూ కందకం తవ్వి, వేళ్లు రంపంతో నున్నగా కోసి, ఇసుక, పశువుల ఎరువు కలిపి పూడ్చాలి. పిల్లవేళ్లు వచ్చాక రెండో సగం. లేపేటప్పుడు గోనెపట్టాతో గడ్డ బిగించి, గడ్డ కింద నుంచే ఎత్తాలి. మానుకు గొలుసు వేస్తే బెరడు ఒలిచేస్తుంది. కొత్త గుంత అడుగున నీరూరితే అక్కడ నాటొద్దు, ఎత్తుగా మట్టి పోసి దానిమీద నిలబెట్టండి. రావి, మర్రి, నిద్రగన్నేరు తట్టుకుంటాయి. వేప సగం సగం. పెద్ద కానుగ, చింత మీద ఆశ పెట్టుకోవద్దు. రెండు వేసవులు నీళ్లు పోసే ఒప్పందం లేకుండా "తరలిస్తాం" అన్నారంటే, కొట్టేస్తాం అని మర్యాదగా చెప్పినట్టే.

ఫైలు చూసేవాడు
చట్టం సంగతి క్లుప్తంగా. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం చెట్టు కొట్టడానికి ముందస్తు అనుమతి కావాలి. సమాచార హక్కు కింద అడగాల్సినవి: ఆ అనుమతి, చెట్టు చెట్టుకూ జాతి, చుట్టుకొలత రాసిన జాబితా, డ్రెయిన్ డ్రాయింగు, ఎస్టిమేటు. జవాబుకు 30 రోజుల గడువు ఉంటుంది, రంపం అన్నాళ్లు ఆగదు. అందుకే గుర్తులు పడిన రోజే దరఖాస్తు పెట్టండి. హరిత ట్రిబ్యునల్‌కి పరిగెత్తేవాళ్లకు ఒక మాట. దాని పరిధిలోని చట్టాల జాబితాలో వాల్టా లేదు. వాల్టా ఉల్లంఘన ఒక్కటే మీ వాదన అయితే హైకోర్టుకే వెళ్లండి.

చెట్టు విలువ ఏడాదికి 74,500 రూపాయలని సుప్రీంకోర్టు కమిటీ చెప్పిందని వాట్సాప్‌లో తిప్పుతున్నారు. 2021లో ఆ నివేదిక బయటికి వచ్చిన మాట నిజం. ఆ నివేదికకు మూలమైన బెంగాల్ రైల్వే వంతెనల కేసులోనే 356 చెట్లు కొట్టడానికి 2023లో సుప్రీంకోర్టు అనుమతించిన మాటా నిజమే. ఆ అంకె మీద ఆధారపడకండి, డ్రెయిన్‌కు వేరే దారి గీసి చూపించండి.

పాత లస్కరు
ఏకవాలు సంగతి ఒప్పుకుంటాను, నాకు అభ్యంతరం లేదు. కాలవ లోపలి వాలు మీద మొలిచి నీటి వైపు ఒరిగిన చెట్లను మాత్రం ఉంచమనకండి.

గట్టుమీదోడు
వాటికి వేరే జాబితా వేయించండి, మోడు పీకి మట్టి కూరే పద్దుతో సహా. ఈ వేసవిలో కాలవ కట్టేలోపు అది ఫైల్లో లేకపోతే మళ్లీ ఏడాది దాకా ఆ చెట్ల జోలికి వెళ్లకూడదు.