అమ్మకు మోకాళ్ల నొప్పులు, వైజాగ్ తీస్కపోవచ్చా?

కరీంనగర్_పోరడు: అన్నలూ అక్కలూ, జనవరిల అమ్మానాన్నను వైజాగ్ తీస్కపోదామనుకుంటున్న. అమ్మ ఇప్పటిదాంక సముద్రం చూడలే. కానీ మోకాళ్ల నొప్పులు, మెట్లంటే మస్తు కష్టం. వైజాగ్‌ల ఏడికి పోయినా గుట్టలే, ఎక్కుడు దిగుడే అంటున్రు మా దోస్తులు. నిజమేనా? రూమ్ ఏడ తీస్కోవాలె, ఏమేం చూడొచ్చు, ఏమేం వదిలేయాలె చెప్పున్రి.

వాల్తేరు వాసు: తప్పకుండా తీసుకురండి తమ్ముడూ. కొండలున్నమాట నిజమే గానీ చాలావాటికి పైదాకా రోడ్డు ఉంది, అసలు ఇబ్బంది కొండలతో కాదు, ఊళ్ళో వీధులతో. "బీచ్‌కి దగ్గర" అని చూసి వాల్తేరు అప్‌ల్యాండ్స్‌లోనో సిరిపురం వైపో రూమ్ తీసుకుంటే వెళ్ళేటప్పుడు బానే దిగిపోతారు, వచ్చేటప్పుడు అంతా ఎత్తే, అమ్మగారికి ప్రాణం మీదకొస్తుంది. అందుకే కిర్లంపూడి లేఅవుట్, పాండురంగాపురం కింద భాగం, ఆ చుట్టుపక్కల చూడండి, నేల చదునుగా ఉంటుంది. తెల్లారే బీచ్ రోడ్డులో కొంతమేర బళ్ళు ఆపేస్తారు, నడిచేవాళ్ళ కోసం. ఆ టైములో అమ్మగారిని తీసుకెళ్ళి అక్కడ గట్టు మీద కూర్చోబెట్టండి, సూర్యుడు సముద్రంలోంచే లేస్తాడు మాకు.

భీమిలి అమ్మాయి: కైలాసగిరికి రోప్‌వే ఉంది, కారైనా ఆటోయైనా పైకి వెళ్తుంది, పైన పెద్దగా ఎక్కక్కర్లేదు. శివపార్వతుల విగ్రహాలు, అక్కణ్ణించి కింద బీచ్ రోడ్డు వంపు మొత్తం కనపడుతుంది. తొట్లకొండ కూడా అంతే, పైదాకా రోడ్డే, బౌద్ధారామం శిథిలాల దగ్గర మెల్లగా తిరగొచ్చు, జనం తక్కువ, గాలి బావుంటుంది. నాకైతే కైలాసగిరి కన్నా తొట్లకొండే ఇష్టం. ఇంకో విషయం, స్టేషన్ దగ్గర 900కె బస్సెక్కితే భీమిలి దాకా వస్తుంది, దారిలో చాలాసేపు పక్కనే సముద్రం కాబట్టి కుడివైపు కిటికీ సీటు పట్టుకోండి, నడవలేనివాళ్ళకి అంతకన్నా మంచి టూర్ ఇంకోటి లేదండి.

శ్రీను గాజువాక: కురుసుర సబ్‌మెరైన్ గురించి ఎవరూ చెప్పలేదేటి? 1969లో నేవీలో చేరింది, 2001లో రిటైరైంది, 2002 నుంచి బీచ్‌లో మ్యూజియం. చూడాల్సిందే గానీ మోకాళ్ళ నొప్పులున్నోళ్ళకి వద్దు. మెట్లెక్కి లోపలికెళ్ళాలి, లోపలంతా ఇరుకు, గుండ్రటి తలుపుల్లోంచి ఒంగి కాలెత్తి దాటాలి, వెనకాల జనం వస్తానే ఉంటారు, మధ్యలో ఆగిపోదామంటే కుదరదు. నాన్నగార్ని పంపండి, అమ్మగారు బయట్నుంచి చూసినా బాగుంటది. ఎదురుగా టీయూ-142 విమానం కూడా ఉంది. సోమవారం కురుసుర సెలవు, గుర్తెట్టుకోండి.

పద్మ_హైదరాబాద్: మేం మా అత్తయ్యగారితో వెళ్ళాం, ఆవిడకీ ఇదే సమస్య. సింహాచలం కొండ మీదకి దేవస్థానం బస్సులున్నాయి, దిగాక కొన్ని మెట్లు ఉంటాయి, మెల్లగా ఎక్కించాం. స్వామివారు ఏడాదంతా చందనంలోనే ఉంటారు, నిజరూప దర్శనం అక్షయ తృతీయ ఒక్కరోజే, పెద్దవాళ్ళతో ఆరోజు మాత్రం పెట్టుకోకండి. అలాగే ఆషాఢ పౌర్ణమి ముందురోజు గిరిప్రదక్షిణ, కొండ చుట్టూ 32 కిలోమీటర్లు జనం నడుస్తూనే ఉంటారు, ఊళ్ళో బళ్ళు కదలవు. మీది జనవరి కాబట్టి పర్లేదు. పాతూళ్ళో బురుజుపేట కనకమహాలక్ష్మి గుడికి మాత్రం తప్పక వెళ్ళండి, అమ్మవారి మీద కప్పు ఉండదు, మన చేత్తో మనమే పసుపు కుంకుమ పెట్టి పూజ చేసుకోవచ్చు. అత్తయ్య ఆరోజు ఎంత సంతోషపడ్డారో, నాకు సబ్‌మెరైన్ కంటే అదే గుర్తుండిపోయింది.

కరీంనగర్_పోరడు: థాంక్స్ అక్కా, అమ్మకు ఇది చెప్తే ఇప్పుడే బ్యాగు సదురుతది. అరకు రైలు ఎట్ల ఉంటది? బొర్రా గుహలు?

శ్రీను గాజువాక: అరకు మీదుగా పోయే కిరండూల్ రైలు పొద్దున్నే బయల్దేరుతాది, అద్దాల పెట్టెకి టికెట్లు ముందే అయిపోతాయి, డేట్ ఖాయమవగానే బుక్ చేసేయండి. సొరంగాలు, లోయలు, కూర్చునే చూడొచ్చు. బొర్రా గుహల్లో మాత్రం మెట్లు చాలా ఎక్కువ, తడిగా ఉండి జారతాయి కూడాను. అమ్మగార్ని దింపొద్దు.

భీమిలి అమ్మాయి: భీమిలి దగ్గర ఎర్రమట్టి దిబ్బలకి వెళ్తే రోడ్డు వైపు నుంచి చూసి వచ్చేయండి, లోపలికి ఇసకలో నడక కష్టం. అవి వేల ఏళ్ళ నుంచి గాలి, నీళ్ళు చేసినవి, జనం అంచులెక్కి జారుతుంటే మట్టి ఊడి పడిపోతోంది, చూస్తుంటే కడుపు తరుక్కుపోతుంది. ఎవరెళ్ళినా దయచేసి ఎక్కకండి, పేర్లు చెక్కకండి.

వాల్తేరు వాసు: సముద్రం గురించి అందరికీ మరీ మరీ చెప్తున్నా. ఆర్కే బీచ్‌లో చీలమండ దాటి లోపలికి పోవద్దు. చూడ్డానికి మామూలుగానే ఉంటుంది, రెండడుగులు వేసేసరికి లోతు, వెనక్కి లాగే అల. యారాడ బీచ్‌లో ఇంకా ఎక్కువ. ప్రతి ఏడూ బయటూరి పిల్లలే పోతున్నారు, పేపర్లో చదివినప్పుడల్లా బాధేస్తుంది. అమ్మగారి చెయ్యి వదలకండి, కాళ్ళు తడిస్తే చాలు. యారాడకి వెళ్ళాలనిపిస్తే కొండ మీదుగా రోడ్డుంది, పైన బండి ఆపి చూడండి, కిందకి దిగకపోయినా పర్లేదు.

కరీంనగర్_పోరడు: సరే అన్నా, బీచ్, కైలాసగిరి, తొట్లకొండ, కనకమహాలక్ష్మి గుడి, అరకు రైలు ఫిక్స్. బొర్రా క్యాన్సిల్, కురుసుర నాన్న ఒక్కడే. సంక్రాంతి సెలవులల్ల వస్తే ఓకేనా?

పద్మ_హైదరాబాద్: సంక్రాంతికి రైళ్ళు, బస్సులు ఏవీ దొరకవు, అరకులో రూములు కూడా కష్టమే. పండగైపోయాక ఒక వారం ఆగి, శని ఆదివారాలు తగలకుండా చూసుకోండి. కైలాసగిరి రోప్‌వే దగ్గర ఆదివారం సాయంత్రం క్యూలో నిలబడ్డం అమ్మగారి వల్ల కాదు.