బాబిలాన్ 5: మొదటి సీజన్ వదిలేసి రెండోది చూడొచ్చా?

చుక్కలదారి:
రెండు వారాల నుంచి బాబిలాన్ 5 అనే సైన్స్ ఫిక్షన్ టీవీ సిరీస్ చూస్తున్నాను, మొదటి సీజన్ ఎనిమిదో ఎపిసోడ్ దగ్గర ఆగాను. కథ జరిగే అంతరిక్ష స్టేషన్ మాత్రం భలే నచ్చింది, ఐదు మైళ్ల పొడవు, రెండున్నర లక్షల మంది, మనుషులూ వేరే గ్రహాల వాళ్లూ ఒకే బజారులో భుజాలు రాసుకుంటూ తిరగడం. కానీ కథ కదలట్లేదు. వారానికో గొడవ, వారంలోనే సర్దుబాటు. గ్రాఫిక్స్ కూడా పాత వీడియో గేమ్‌లా ఉన్నాయి. నేరుగా రెండో సీజన్‌కి వెళ్తే ఏమైనా పోతుందా? ముందు జరిగేది చెప్పకండి ప్లీజ్.

రాత్రిబండి:
వదలొద్దండి. మొత్తం 110 ఎపిసోడ్లలో 92 సిరీస్ సృష్టికర్త స్ట్రాజిన్‌స్కీ ఒక్కరే రాశారు, ఐదేళ్ల కథ ముందే అనుకుని మొదలుపెట్టారు కాబట్టి ఇప్పుడు ఊరికే అన్నట్టుండే మాటలు తర్వాత వచ్చి గుండెల్లో గుచ్చుకుంటాయి. మొదటి ఎపిసోడ్‌లో రాయబారి లోండో తన కల గురించి స్టేషన్ కమాండర్‌కి చెప్తాడు గుర్తుందా, ముసలితనంలో తనూ శత్రుజాతి రాయబారి జికారూ ఒకరి గొంతు ఒకరు నులుముకుంటూ చచ్చిపోతారని? ఆ కలని మర్చిపోకండి. పదమూడో ఎపిసోడ్‌లో ఒకతను వచ్చి రాయబారుల దగ్గరికి వెళ్లి "నీకేం కావాలి?" అని అడుగుతాడు. కనీసం అక్కడిదాకా చూడండి.

అమిగా94:
గ్రాఫిక్స్ గురించి ఒక మాట. 1993లో పైలట్ (సిరీస్‌కి ముందు వచ్చే పరిచయ ఎపిసోడ్) వచ్చినప్పుడు టీవీలో అంతరిక్ష ఓడలంటే ఎక్కువగా బొమ్మలు తయారుచేసి షూట్ చేసేవారు, వీళ్లు అమిగా కంప్యూటర్ల మీద గీశారు. కళ్లకి పాతగా ఉన్నా భౌతికశాస్త్రం ఎంత శ్రద్ధగా పాటించారో చూడండి: స్టేషన్ గిర్రున తిరగడం వల్లే లోపల బరువు తెలుస్తుంది, స్టార్‌ఫ్యూరీలనే చిన్న యుద్ధ ఓడలు ఆ తిరుగుడు ఊపుతోనే బయటికి జారతాయి, పోతున్న దారిన పోతూనే ముక్కు వెనక్కి తిప్పి కాలుస్తాయి. గాలిలో విమానంలా వంపు తీసుకోవు. నాకు ఇప్పటికీ ఆ షాట్ వస్తే వెనక్కి వెళ్లి మళ్లీ చూడాలనిపిస్తుంది.

గోదారిగట్టు:
సీజనంతా గొప్పగా ఉందని నేననను. పద్నాలుగో ఎపిసోడ్‌లో బాక్సింగ్ కథ బాగా నీరసం. కానీ అందులోనే స్టేషన్ అధికారిణి ఇవనోవా చనిపోయిన తండ్రి కోసం యూదుల పద్ధతిలో సంతాపం పాటిస్తుంది, ముందు వద్దు వద్దంటుంది, చివరికి కూర్చుంటుంది. మా నాన్న పోయిన ఏడాది చూశాను, ఆ ఒక్క భాగం కోసం ఎపిసోడ్ మొత్తం భరించొచ్చు. ఇంకోటి, మూడో సీజన్‌లో ఇద్దరు శత్రువులు పొగ నిండిన లిఫ్ట్‌లో ఇరుక్కుంటారు, ఒకడు పగలబడి నవ్వుతాడు. ఎందుకు నవ్వుతున్నాడో తెలియాలంటే ఇవన్నీ చూసుండాలి.

చుక్కలదారి:
నిన్న రాత్రి పదమూడు అయింది. లోండో ముందు విసుక్కుని, నన్నొదిలెయ్యి అని తప్పించుకోబోయాడు, మళ్లీ అడిగేసరికి లోపలున్నదంతా బయటికి కక్కేశాడు, ఒకప్పటి వైభవం మొత్తం తిరిగి కావాలని. అడిగినతను అంత నెమ్మదిగా వింటుంటే భయమేసింది. ఇవాళ ఇవనోవా కోసం పద్నాలుగు.