నీటికుంట అంచున మార్ష్ మారిగోల్డ్: పసిపిల్లలున్న ఇంట్లో పెంచవచ్చా?

నీలికలువ: పెరట్లో చిన్న నీటికుంట ఉంది. అంచున కాల్తా పాలుస్ట్రిస్, అంటే మార్ష్ మారిగోల్డ్ నాటాలని ఎన్నాళ్లుగానో ఆశ. విషమంటున్నారు. పాపకు నాలుగేళ్లు. పెట్టమంటారా?

గట్టుమొక్క: వద్దండీ. ఆకు నలిగితే చాలు, ప్రోటోఅనిమోనిన్ అనే విషం పుడుతుంది. రసం చర్మానికి తగిలితే మంట, బొబ్బలు. నోట్లో పడితే పొక్కులు, వాంతులు. పసుపుపచ్చగా మెరిసే పువ్వు కనబడితే పసిపిల్ల చెయ్యి ఊరుకుంటుందా?

తడినేల: గట్టుమొక్క గారి భయం న్యాయమైనదే. అయినా నేను పెట్టమంటాను. కొరికిన వెంటనే నోరు మండుతుంది కాబట్టి ఎవరూ ఎక్కువ మింగలేరు. నాలుగేళ్ల పాపకు మొక్క కంటే నీళ్లతోనే ఎక్కువ ప్రమాదం. ముందు కుంట చుట్టూ కంచె వేయండి, పువ్వూ అందదు.

నాకు అసలు టెన్షన్ గుర్తుపట్టడం దగ్గరే. లెసర్ సెలండైన్ అనే వేరే మొక్క దూరం నుంచి అచ్చం ఇలాగే ఉంటుంది. అదీ విషమే, పైగా వేళ్లకుండే చిన్న దుంపలతో తోటంతా అల్లుకుపోతుంది. పువ్వును వెనక్కి తిప్పి చూడండి. సెలండైన్‌కు సన్నని రేకులు ఏడెనిమిదికి పైనే, వాటి కింద సాధారణంగా మూడు ఆకుపచ్చ రక్షకపత్రాలు. మార్ష్ మారిగోల్డ్‌కు కింద ఏమీ ఉండదు. మనం రేకులనుకునేవే దాని రక్షకపత్రాలు, ఎక్కువగా ఐదు. కాడ విరిస్తే లోపల బోలుగా ఉంటుంది.

వేళ్లు ఎప్పుడూ తడిలో ఉండాలి. పూత అయ్యాక దుబ్బు విడదీసి నాటుకోవచ్చు, గ్లౌజులు మాత్రం తప్పనిసరి. గింజలైతే ఆరనివ్వకుండా తాజాగానే చల్లాలి.

వానచినుకు: లేత ఆకులు నీళ్లు మార్చి మార్చి ఉడికించి తింటారని చదివాను. అంటే విషం అంత బలమైనది కాదనేగా?

తడినేల: ఆ మాట ఒప్పుకోను. వేడికి ఆ విషం తగ్గుతుంది, నిజమే. ఎండినప్పుడు కూడా హాని తక్కువైన అనిమోనిన్‌గా మారుతుంది. కానీ ఎంత ఉడికితే చాలో వంటింట్లో కొలిచే దారేదీ? పైగా అలాంటి చిత్తడిలోనే వాటర్ హెమ్లాక్ కూడా పెరుగుతుంది. కోతలో దాని ముక్క కలిస్తే మూర్ఛలొచ్చి ప్రాణమే పోవచ్చు. చూసుకోవడానికి పెంచండి, తినడానికి వద్దు.

గట్టుమొక్క: కంచె మాట బాగుంది, ఒప్పుకుంటున్నాను. అయితే కంచె పూర్తయ్యాకే మొక్క తెండి. దుబ్బు విడదీసినప్పుడు తెగిన ఆకులు, కాడలు పాప తిరిగే చోట వదలకండి. అప్పుడే నలిగిన ముక్కలతోనే కదా ఎక్కువ ప్రమాదం.