పెరట్లో కోళ్లు పెంచకూడదంటున్నారు, నిజంగా రూల్ ఉందా?

లంకగాలి:
మాది మొన్నమొన్నటి దాకా పంచాయతీ. ఇప్పుడు టౌన్లో కలిపేశారు. ఐదు సెంట్లలో ఇల్లు, వెనక కొబ్బరి చెట్లు, వాటి కింద కోళ్ల గూడు. పది పెట్టలు, ఒక పుంజు. అన్నీ అమ్మ చూసుకుంటుంది. పక్క స్థలంలో కొత్తగా ఇల్లు కట్టుకున్నవాళ్లు కంప్లైంట్ పెట్టారు. ఆఫీసు నుంచి ఒకాయన వచ్చి, "ఇది రెసిడెన్షియల్ జోన్, కోళ్లు ఉంచకూడదు, వారంలో తీసేయండి" అని నోటిమాటగా చెప్పి వెళ్లిపోయాడు. కాగితం ఏమీ ఇవ్వలేదు. అప్పటి నుంచి అమ్మకి ఒకటే టెన్షన్. ఎవరికైనా ఇలా జరిగిందా?

పాతఫైలు:
మున్సిపల్ ఆఫీసులో చేసి రిటైరైనవాణ్ణి. ఆయన రెండు సంగతులు కలిపేశాడు బాబూ. జోనింగ్ అంటే మాస్టర్ ప్లాన్‌లో ఏ స్థలం దేనికి వాడాలన్న లెక్క. ఇళ్ల మధ్య కోళ్ల ఫారం, అంటే వ్యాపారం పెడితే ఆ లెక్క అడ్డొస్తుంది. కాలుష్య నియంత్రణ మండలి మార్గదర్శకాలు కూడా వేలల్లో పక్షులున్న ఫారాల కోసమే. మీ అమ్మగారి పది పెట్టల కోసం కాదు.

మీకు ఇబ్బంది వస్తే వేరే దారిన వస్తుంది. పక్కవాళ్లకి బాధ కలిగేలా జంతువుల్ని ఉంచితే చర్య తీసుకునే అధికారం మున్సిపాలిటీకి ఉంది. అది కాక పబ్లిక్ న్యూసెన్స్, అంటే చుట్టుపక్కల జనానికి ఇబ్బంది కలిగించడం, ఉండనే ఉంది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ)లో 133వ సెక్షన్, 2024 జులై నుంచి దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ చట్టంలో 152. దాని కింద ముందు ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు నోటీసు ఇవ్వాలి, మీ మాట వినాలి, ఆ తర్వాతే తుది ఆర్డరు. నోటిమాటతో గూడు పీకించడం ఉండదు. "ఏ సెక్షన్ కింద తీయమంటున్నారో రాతపూర్వకంగా ఇవ్వండి" అని ఒక అర్జీ పెట్టి, రసీదు తీసుకోండి.

ఒక్కమాట. ఇక్కడ ఎన్ని కోళ్లున్నాయన్నది కాదు ప్రశ్న, వాటివల్ల పక్కవాళ్లకి బాధ ఉందా లేదా అన్నది. రెండే ఉన్నా కంపు కొడితే కేసు వాళ్లదే గట్టిది.

అమలాపురం_అల్లుడు:
ముందు ఆ పుంజు సంగతి తేల్చండి. డేగా, కాకా, నెమలా?

లంకగాలి:
సేతువ అండి, తెల్లది. పందేనికి కాదు, అమ్మకి ముద్దు.

అమలాపురం_అల్లుడు:
ముద్దు సంగతి సరే, తెల్లారగట్ల మూడున్నరకి కూసేది అదే కదా! మా కాలనీలో గొడవలన్నీ పుంజు దగ్గరే మొదలయ్యాయి. పెట్టల్ని ఎవరూ ఏమీ అనలేదు. పెట్టలు గుడ్లు పెట్టడానికి పుంజు అక్కర్లేదండి, పిల్లలు చేయించాలంటేనే కావాలి. మా వీధిలో ఒకాయన వరసగా తాళ్లు కట్టి పందెం పుంజుల్ని పెంచేవాడు. పెంచడం నేరం కాదు, పందెం వేయడం నేరం అని వాదించేవాడు. ఆ మాట నిజమే గానీ, సంక్రాంతి ముందు పోలీసులు వీధిలోకొస్తే అందరికీ తలనొప్పే.

దూరపుగోదారి:
నేను న్యూయార్క్‌లో ఉంటాను. ఇక్కడ నగరంలో పెట్టల్ని పెంచుకోవచ్చు, పుంజు మాత్రం నిషేధం. కూత గొడవ అన్నిచోట్లా ఒకటే అన్నమాట.

గోడవతలామె:
కోళ్లు లేని ఇంటి నుంచి కూడా ఒక మాట వినండి. మాకు పక్కవాళ్ల గూడు సరిగ్గా మా వంటింటి కిటికీకి ఎదురుగా ఉండేది. ఎండాకాలం పరవాలేదు. శ్రావణం వచ్చిందంటే మన డెల్టా నల్ల మట్టిలో నీరు దిగదు కదా, రెట్టా నీళ్లూ కలిసి పాచిలా పట్టేసేది. అన్నం గిన్నె మూత తీస్తే ఈగలు. మాట పడాలని ఎవరికుంటుంది చెప్పండి? అయినా ఏడాది ఓపిక పట్టి, ఆ తర్వాతే అడిగాను. వాళ్లు గూడుని అవతలి గోడకి జరిపి ఊక పోశారు. అంతే, గొడవ లేదు. కంప్లైంట్ పెట్టేముందు మీ పక్కవాళ్లు మీతో ఒక్కసారైనా మాట్లాడారా?

గంపకింద_పెట్ట:
ఊక గురించి నేను చెబుతా, ఎందుకంటే అసలు పని అక్కడే ఉంది. గూడు నేల మీద పెట్టకండి. ఇటుకలు పేర్చి మోకాలెత్తు లేపండి, వానకి చెమ్మ ఎక్కదు. లోపల మూడు నాలుగు అంగుళాల ఊక. రోజు విడిచి రోజు దంతెతో తిరగెయ్యండి. నీళ్ల గిన్నె చుట్టూ తడిసి గడ్డకట్టిన చోటు మాత్రం తవ్వి తీసేసి, కాస్త పొడి సున్నం చల్లి కొత్త ఊక వెయ్యండి. కంపు పుట్టేది ఆ ముద్ద దగ్గరే. తీసినదాన్ని నేరుగా మొక్కలకి వెయ్యకండి, వేడికి మాడిపోతాయి. గొయ్యిలో మాగనిచ్చి కొబ్బరి పాదులకి వేసుకోండి. మేతగా నూకలు, తవుడు ఎంత తింటాయో అంతే. రాత్రికి మిగిలితే ఎలుకలు, ఎలుకల వెనకే జెర్రిపోతు.

వేల్పూరు_దగ్గర:
బర్డ్ ఫ్లూ సంగతి ఎవరూ ఎత్తలేదేం? 2025 ఫిబ్రవరిలో మన గోదావరి జిల్లాల్లో, వేల్పూరులో, కానూరు అగ్రహారంలో బయటపడినప్పుడు మాది పది కిలోమీటర్ల నిఘా పరిధిలో పడింది. చికెన్ షాపులు మూయించారు. వ్యాధి తేలిన చోటు నుంచి కిలోమీటరు లోపలైతే ఫారం కోళ్లే కాదు, పెరటి కోళ్లనీ చంపి పూడ్చాల్సిందే. అప్పుడు జోనూ లేదు, సెక్షనూ లేదు. అందుకే ఊళ్లో పశువైద్యశాలవాళ్లకి మీ దగ్గర కోళ్లున్నాయని తెలియనివ్వండి. కొక్కెర తెగులు (రాణిఖేత్) టీకా కూడా అక్కడే అడగండి. నాలుగు కోళ్లు ఒక్కసారే చస్తే కాలవలో పారెయ్యకండి, దండం పెడతా, వాళ్లకి కబురు చెయ్యండి.

లంకగాలి:
అర్జీ ఇచ్చి రసీదు తెచ్చుకున్నాను, బాబాయ్ గారూ. ఏ సెక్షనో ఇంకా చెప్పలేదు, మళ్లీ ఎవరూ రాలేదు. పక్కావిడతో అమ్మే మాట్లాడింది. కూత కంటే ఈగలే ఆవిడ బాధట. పుంజుని లంకలో మామయ్యగారింటికి పంపించాం. అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. గూడు నూతి వైపుకి జరుపుతున్నాం. ఇంతకీ ఊక ఎక్కడ తెచ్చుకుంటున్నారు?

గంపకింద_పెట్ట:
నూతి పక్కన వద్దండి, రెట్ట నీరు అందులోకి దిగుతుంది. దూరంగా పెట్టండి. ఊక ఏ రైస్ మిల్లుకెళ్లినా దొరుకుతుంది. ఇటుక బట్టీలు మొదలవ్వకముందే తెచ్చుకోండి, తర్వాత వాళ్లు లారీలకి లారీలు ఎత్తుకుపోతారు.